కాచిన గాలితో బరువు నెత్తుట: లెక్క, లాభము, ప్రమాదము

సేద్యపు పనులలో బరువు లెత్తవలసిన సందర్భములు పెక్కు గలవు. ట్రాక్టరు చక్రమును విప్పుటకును, బావి యొడ్డున బండరాతిని కదల్చుటకును మనుష్యబల మొక్కటియే చాలదు. మూసిన పాత్రలో గాలిని కాచినచో నది పిస్టనును పైకి నెట్టును గదా, ఆ బలముతోనే ఈ పనులు జరుపరాదా యని రైతుసోదరులకు తోచవచ్చును. ఆ బలమెంతయో లెక్కవేసి చూతము.

ఉష్ణోగ్రత మారనప్పుడు గాలిని సగము చోటికి కుదించినచో దాని పీడనము రెట్టింపగునని బాయిలు 1662లో ప్రకటించెను. చోటు మారనప్పుడు పీడనము వేడిమిని బట్టి పెరుగును. కాని ఇచ్చట వేడిమిని మంచు కరగు స్థానమునుండి లెక్కింపరాదు. సెంటీగ్రేడు డిగ్రీలకు 273 కలిపి లెక్కింపవలయును. 27 డిగ్రీల గాలిని 54 డిగ్రీలకు కాచినంతమాత్రమున పీడనము రెట్టింపు కాదు. 300 అనునది 327 అయినది. అనగా నూటికి 9 పాళ్లు మాత్రమే పెరిగినది. రెట్టింపు కావలయునన్న 600 కావలయును, అనగా 327 డిగ్రీల వరకు కాచవలయును.

ఇక మన చోటి సంగతి. సికింద్రాబాదు చెంతనున్న యాప్రాల్ ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున నున్నది. సముద్రతీరమున చదరపు సెంటీమీటరుపై గాలి 1.03 కిలోల బరువుతో నొత్తుచుండగా, ఇచ్చట సుమారు 0.97 కిలోలతో మాత్రమే యొత్తును. అందుచేతనే పీల్చెడి పంపు తీరమున సిద్ధాంతరీత్యా 10.3 మీటర్లనుండి నీటిని తేగలిగినను, ఇచ్చట 9.7 మీటర్లకు మించి తేజాలదు. ఆచరణలో 7 మీటర్లు దాటుట కష్టము. టైర్లకు గాలి కొలుచు గడియారము ఈ బయటి గాలిని సున్నగా చూపును. కావున వేడిమి లెక్కలో మొదట దానిని కలుపుకొని, తుదకు తీసివేయవలయును.

30 సెంటీమీటర్ల వ్యాసముగల సిలిండరును, అందు 40 సెంటీమీటర్ల యెత్తున గాలిని, దానిపై పిస్టనును ఊహింతము. పిస్టను వైశాల్యము సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. పిస్టను కదలకుండ బిగించి గాలిని 27 డిగ్రీలనుండి 127 డిగ్రీలకు కాచితిమేని, 300 అనునది 400 అగును, పీడనము 0.97 నుండి 1.29కి పెరుగును. బయటి గాలిని తీసివేయగా మిగులునది 0.32. దానిని 707చే గుణింపగా సుమారు 228 కిలోలు. పిస్టను స్వంత బరువును, రాపిడియు ఇందులోనే పోవును.

ఇంతటితో బరువు తేలినదే గాని పైకి లేవలేదు. 10 సెంటీమీటర్లు లేవవలయునన్న గాలి నాల్గవవంతు వ్యాపింపవలయును. అందుకై 227 డిగ్రీల వరకు కాచవలయును. గాలికి చేరిన ఉష్ణమును, జరిగిన పనిని పోల్చి చూడగా, సుమారు 24 పాళ్లలో ఒక్క పాలు మాత్రమే బరువు నెత్తుటకు వినియోగపడును. ఇనుమును కాచుటకైన నష్టము ఈ లెక్కలో చేరనేలేదు. ఆయిలింజనులో గాలిని ముందుగా 15 మొదలు 20 రెట్లు కుదించి, పిమ్మట చమురు మండింతురు. కావుననే చిన్న సిలిండరులో గొప్ప బలము పుట్టును.

బరువు నెత్తుటకు మాత్రము నూనె జాకీయే యుత్తమము. బ్రామా 1795లో హక్కు పొందిన జలయంత్రమునకు మూలమైన సూత్రమే దీనికిని ఆధారము. 1 చదరపు సెంటీమీటరు పిస్టనుపై 50 కిలోల బలముంచిన, 20 చదరపు సెంటీమీటర్ల పిస్టను 1000 కిలోల నెత్తును. అయితే చిన్నది 20 సెంటీమీటర్లు దిగిన గాని పెద్దది 1 సెంటీమీటరు లేవదు. నూనె గాలివలె కుదింపబడదు. కావున బరువు అకస్మాత్తుగా నెగిరిపడదు.

ముఖ్యముగా గమనింపవలసినది ప్రమాదము. 57 సెంటీమీటర్ల వ్యాసముగల ఖాళీ పీపాను గట్టిగా మూసి, లోని గాలిని పై విధముగా 127 డిగ్రీలకు కాచినచో, దాని మూతపై 8 క్వింటాళ్లకు మించిన త్రోపుడు కలుగును. అందు నీరున్న యెడల ఈ లెక్క చెల్లదు. నీరు ఆవిరియగుచు పీడనమును మిక్కిలి వేగముగా పెంచును. మూసిన పాత్రలో ఆవిరి పీడనము 120 డిగ్రీల వద్ద బయటి గాలికి రెండింతలు, 180 డిగ్రీల వద్ద పదింతలగును. డీజిలు, పెట్రోలు ఉంచిన పీపాలు ఖాళీగా కనిపించినను వాని యావిరి నిప్పు సోకిన ప్రేలును. వంటగ్యాసు సిలిండరులో ద్రవమున్నది గనుక దానిని వేడిచేయుట మరింత ప్రమాదకరము.

కావున సభ్యులు మూసిన పీపాలను నిప్పుపై నుంచరాదు. చమురు పీపాలను శుద్ధి చేయింపక వెల్డింగునకు పంపరాదు. జాకీతో నెత్తిన బరువు క్రింద గట్టి దిమ్మెలు పెట్టనిదే ఎవరును దూరరాదు. లెక్క తెలిసినవాడు బలమును వాడుకొనును. తెలియనివాడు దానికి లోబడును.