పొలం నుంచి పోరుకి... మళ్లీ పొలానికి!

నిజామాబాద్ నుంచి బోధన్, వర్ణి వైపు వెళ్తుంటే కొన్ని ఊళ్ల పేర్ల చివర 'క్యాంపు' అని కనిపిస్తుంది. అక్కడ గుడారాలుండవు, తుపాకులుండవు. ఉన్నవల్లా పచ్చని మళ్లూ ఇళ్లూ. మరి ఈ సైనికుల మాట అక్కడికెలా చేరింది?

నిజానికి అది పొలంలో పుట్టిన మాటే! లాటిన్‌లో 'కాంపస్' అంటే మైదానం. రోము సైనికులు కవాతు చేసిన చోటు 'కాంపస్ మార్షియస్'... యుద్ధదేవుడు మార్స్ మైదానం. క్యాంపు, కాలేజీ క్యాంపస్ అన్నీ ఆ ఇంటివే. అందులోంచే పల్లెసీమను చెప్పే ఫ్రెంచి మాటా వచ్చింది. చలికాలమంతా విడిదిలో గడిపిన సేనలు వాతావరణం తెరిపివ్వగానే పల్లె బయళ్లలోకి దిగేవి. దాంతో ఆ కాలపు యుద్ధానికే 'క్యాంపెయిన్' అని పేరొచ్చింది. తర్వాత అది ఎన్నికల ప్రచారానికీ అంటుకుంది. విదేశాల్లో బీట్ చక్కెర మిల్లులు నడిచే కాలాన్నీ అలాగే పిలుస్తారు.

జమ్మి చెట్టు దాకా...
మన దగ్గరా అంతే. వానలు తగ్గి, దారులు ఆరాక దసరాకి రాజులు దండయాత్రకు కదిలేవారు. అదే సీమోల్లంఘనం. నేటికీ తెలంగాణ పల్లెల్లో జనం పొలిమేరకు వెళ్లి పాలపిట్టను చూసి, జమ్మి ఆకును 'బంగారం'గా పంచుకుంటారు. 'బయలుదేరడం'లోనూ ఉన్నది ఆ బయలే!

1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంలోకి సైన్యం వచ్చింది. ఆ చర్యకు పెట్టిన పేరు 'ఆపరేషన్ పోలో'. నగరంలో పోలో మైదానాలు ఎక్కువ కాబట్టే ఆ పేరంటారు. అయిదు రోజుల్లో ముగిసిన ఆ యుద్ధాన్ని జనం 'పోలీసు చర్య'గానే గుర్తుంచుకున్నారు. మాట మెత్తగా ఉంటే యుద్ధమూ చిన్నదిగానే అనిపిస్తుంది మరి!

గుడారం ఊరైంది
1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా రైతులు ఇటు వలసొచ్చారు. వాళ్లు దిగిన చోట్లే క్యాంపులు. నాలుగు రోజుల మజిలీని చెప్పే మాట తరాల ఊరికి పేరై నిలిచింది. చెరకు పండింది, శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. క్రషింగ్ సీజన్ వస్తే బండ్ల బారులే. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కార్మికులు రోడ్డునపడ్డారు, చెరకు మళ్లు వరికి మళ్లాయి.

తాత్కాలికమనుకున్న క్యాంపు నిలిచింది. శాశ్వతమనుకున్న సీజనే వెళ్లిపోయింది!