పాపసంకీర్తనమునకు ఆయత్తము

కథోలికుల గుడులలో వాడు 'పాపసంకీర్తనము' అను మాట తొలుత వినినప్పుడు నాబోటి వ్యాకరణము చదివినవానికి వింతగా తోచెను. కీర్తనము భగవంతునికి గదా, పాపములకేల? ధాతువును చూచిన సందేహము తీరును. కీర్తనమనగా పేరెత్తి చెప్పుట. పొగడుట పిమ్మటి యర్థము.

ఈ సంస్కారమున కష్టమంతయు ఆ పేరెత్తుటయందే యున్నది. 'పాపిని' అనిన చాలదు. చావైన పాపములను రకమును, లెక్కయు తెలుపవలెనని 1551లో త్రెంతు మహాసభ విధించెను. వివేకము కలుగు వయస్సు, అనగా సుమారు ఏడేండ్లు, వచ్చిన బిడ్డలు సత్ప్రసాదమునకు అర్హులని 1910లో పదియవ పయస్ పోపుగారు శాసించిరి. దానికి ముందు పాపసంకీర్తనము. కావున బిడ్డలు ఉపదేశియొద్ద జపములు వల్లింతురు.

వల్లించుట సులభము, బడిలో నేను చేయించిన పనియు నదియే. ఆత్మపరిశోధన యట్లు కాదు. 'అబద్ధమాడితిని' అనుట వేరు. 'తమ్ముని పలక పగులగొట్టి నేరము పిల్లిపై త్రోసితిని' అనుట వేరు. రెండవ మాటకే గొంతు పట్టును, పశ్చాత్తాపమును అక్కడనే మొలకెత్తును. దొంగిలించినది తిరిగి యిచ్చివేయవలెను. ప్రాయశ్చిత్తముగా విధించిన జపము దానికి బదులు కాదు.

వినిన గురువు ప్రాణము పోవుచున్నను దానిని వెలిపుచ్చరాదు. తల్లులు ఈ సంగతి బిడ్డకు ముందుగనే చెప్పుదురుగాక; సగము వెఱపు తీరును.