పాలక్యానుకున్న శుభ్రతే ఆకుకుండీకీ ఉండవలెను



ఆ మధ్య ఒక సంఘంలో పద్దుల తనిఖీ ముగిసేసరికి మధ్యాహ్నమైంది. ఎండ తీవ్రంగా ఉంది. సభ్యురాలు ఒకామె ఇంటికి పిలిచి చల్లని మజ్జిగ ఇచ్చారు. అందులో కొత్తిమీర, పుదీనా నలిపి వేశారు. "ఆకు ఎక్కడిదమ్మా?" అని అడిగాను. "మన పెరట్లోదే అన్నయ్యగారూ, కొన్నది కాదు" అంటూ సంతోషంగా తీసుకువెళ్ళి చూపించారు. గోడ వారగా మూడు ప్లాస్టిక్ డబ్బాల్లో పుదీనా దట్టంగా పెరిగి ఉంది. ఒక డబ్బాను ఇటు తిప్పి చూశాను. అది ప్రత్తికి కొట్టే పురుగుమందు డబ్బా. పుర్రె గుర్తు, దాని క్రింద ఎర్ర రంగు ఇంకా చెరగలేదు.

ఆమెను తప్పుపట్టలేము. డబ్బా గట్టిది, ఊరికే వచ్చింది, రెండుసార్లు కడిగారు కూడా. అయితే అదే ఇంట్లో పాలక్యానును రెండు పూటలా తోమి, బోర్లించి, ఎండబెట్టి గాని పాలు పోయరు. పాలను కాచి త్రాగుతాము. కొత్తిమీర, పుదీనాలను చాలాసార్లు పచ్చిగానే తింటాము. మరి ఏ గిన్నెకు ఎక్కువ శుభ్రత కావలెను? ఈ ప్రశ్నే నా చేత ఈ వ్యాసం వ్రాయించింది.

కుండీ ఎంపిక

పురుగుమందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినా తిండికి సంబంధించిన ఏ పనికీ వాడరాదు. 2013 జూలైలో బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలో ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. మందు ఆనవాలు మిగిలిన డబ్బా ఎంత పని చేయగలదో తెలుసుకోవడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు. ఖాళీ డబ్బాలను తిరిగి వాడకుండా పగులగొట్టి, నివాసాలకు దూరంగా పాతిపెట్టవలెనని 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు చెబుతున్నాయి. ఇప్పటికే అలాంటి డబ్బాలో ఆకు పెంచుతూ ఉంటే, మొక్కను, మట్టిని కూడా వదులుకోవడమే మంచిది.

మట్టికుండీ అన్నిటికంటె మేలు. పాత బొక్కెన, వంటనూనె డబ్బా, అంచు పగిలిన నీళ్ళకుండ కూడా పనికివస్తాయి. అడుగున రెండు మూడు చిల్లులు తప్పక ఉండవలెను. చిల్లు మీద పెంకు ముక్కను బోర్లిస్తే మట్టి కారదు, నీరు మాత్రం దిగుతుంది.

మట్టి, ఎరువు

పాడి ఉన్న ఇంట ఎరువుకు కొదువ లేదు. చిక్కంతా తొందరలోనే వస్తుంది. నిన్నటి పేడను నేడు కుండీలో వేస్తే అది కుళ్ళుతూ వేడెక్కి లేతవేళ్ళను మాడుస్తుంది. గడ్డి గింజలు మొలుస్తాయి, పురుగులు చేరుతాయి. అంతకంటే ముఖ్యం, పచ్చి పేడలోని రోగక్రిములు ఆకుకు అంటి, పచ్చిగా తిన్నవారికి విరేచనాలు కలిగించవచ్చు.

కనుక ఆరు నెలలు బాగా మాగిన ఎరువునే వాడండి. గుర్తులు తేలిక: నల్లగా, పొడిపొడిగా ఉంటుంది, పేడ వాసన ఉండదు, కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలదు. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి నింపవలెను. నల్లరేగడి ఒక్కటే వేస్తే తడికి ముద్దవుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైన అంగుళం మేర ఖాళీ వదిలితే నీరు పొర్లిపోదు.

నీరు

కుండీ మొక్కలు ఎండిపోయి చచ్చేవాటికంటె నీరెక్కువై చచ్చేవి తక్కువేమీ కాదు. క్రింది ఆకులు పసుపుబారి, మట్టి ఎప్పుడూ చిత్తడిగా ఉంటే వేరు కుళ్ళుతున్నదని తెలుసుకోవలెను. పాలలో నీళ్ళు కలిస్తే కేంద్రంలోని యంత్రం పట్టేస్తుంది. కుండీకి మన వేలే యంత్రం. మొదటి కణుపు దాకా వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూట నీరు వద్దు. పొడిగా ఉంటే, అడుగు చిల్లులోంచి నీరు కారేవరకు ఉదయంపూట పోయండి.

క్యాన్లు కడిగిన సోడా నీళ్ళు, సబ్బు నీళ్ళు మొక్కలకు పోయకండి. సోడా మట్టిని చెరుపుతుంది. పాలు తొలిచిన నీళ్ళు పులిసి ఈగలను, చీమలను పిలుస్తాయి.

ఏ మొక్కకు ఏ పద్ధతి

కొత్తిమీర: ధనియం గింజలో రెండు విత్తనాలుంటాయి. చెప్పుతో మెల్లగా రుద్ది రెండుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి, అరంగుళం లోతున చల్లండి. వారం పది రోజులలో మొలుస్తుంది, సుమారు 40 రోజులకు కోతకు వస్తుంది. నారు పీకి నాటితే నిలవదు. చలికాలం దీనికి అనుకూలం. వేసవిలో త్వరగా పూతకు వస్తుంది కనుక నీడపట్టున పెట్టి, పదిహేను రోజులకొక కుండీ చొప్పున వేసుకోండి.

పుదీనా: విత్తనంతో పనిలేదు. నాలుగైదు అంగుళాల కాడను క్రింది ఆకులు తీసి నాటితే వేరు పట్టుతుంది. వెడల్పు కుండీ, సగం నీడ, తగినంత తడి కావలెను. రెండంగుళాలు వదిలి పైభాగం కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. ఏడాదికొకసారి మట్టి మార్చవలెను.

వాము ఆకు: మందపాటి ఆకుల మొక్క. వాము గింజలిచ్చే మొక్క వేరు. కొమ్మ గుచ్చితే బ్రతుకుతుంది. మట్టి బాగా ఆరిన తరువాతనే నీరు పోయండి.

తులసి: మంచి ఎండ కావలెను. వెన్నులు వచ్చినప్పుడల్లా తుంచితే ఆకు దట్టంగా వస్తుంది.

కరివేపాకు: చెట్టుజాతి కనుక అడుగున్నర లోతు కుండీ ఇవ్వండి. తల తుంచితే కొమ్మలు వేస్తుంది. పుల్లమజ్జిగ పోయడం మన ఇళ్ళలో ఆచారం. పలుచగా, అప్పుడప్పుడు పోసుకోవచ్చును గాని, ఎండ, ఎరువు లేనిచోట మజ్జిగ ఒక్కటే మొక్కను నిలబెట్టదు.

పురుగు పడితే

పేనుబంక పట్టిన కొమ్మను మొదట తుంచివేయండి, మిగిలిన మొక్కను నీటిధారతో కడగండి. అప్పటికీ తగ్గకపోతే 50 గ్రాముల వేపగింజల పప్పును పొడిచేసి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానవేసి, ఆ కషాయం సాయంత్రం చల్లండి. కొన్ని రోజులు ఆగి, బాగా కడిగి ఆకు వాడుకోండి. చేనుకు కొట్టగా మిగిలిన మందును మాత్రం పెరటి ఆకు మీద చల్లకండి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే ఉత్తర్వు ఇచ్చింది. కొత్తిమీర కట్టను చంటిబిడ్డ అన్నంలో కూడా వేస్తామని మరువవద్దు.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆ సోదరి పెరట్లో డబ్బాలు లేవు. నీళ్ళకుండ అడుగుభాగంలో కొత్త పుదీనా చిగురిస్తున్నది. "అది ఇంకా కోతకు రాలేదన్నయ్యగారూ" అని ఉత్త మజ్జిగే ఇచ్చారు. ఆ మజ్జిగ నాకు మరీ రుచిగా అనిపించింది.

వచ్చే సంఘ సమావేశంలో అధ్యక్షులు, కార్యదర్శులు ఈ డబ్బాల మాట ఐదు నిమిషాలు సభ్యులతో చెప్పవలెనని కోరుతున్నాను.

— సహకార ఇన్‌స్పెక్టరు