ఊపిరితిత్తులను తట్టి చూసే గాలి అలలు

సంతలో కుండ కొనే మనిషిని గమనించండి. నచ్చగానే డబ్బు చేతిలో పెట్టడు. వేలి కణుపుతో కుండను తట్టి చూస్తాడు. ఖంగుమని మోగితే మంచి కుండ. బొంగురుగా మోగితే ఎక్కడో పగులు ఉందన్న మాట! ఊపిరితిత్తులను కూడా ఇలా తట్టి చూడవచ్చా? చూడవచ్చు. అయితే తట్టేది వేలితో కాదు, గాలితోనే.

ముందు ఊపిరితిత్తుల నిర్మాణం చూద్దాం. మీరు పీల్చిన గాలి శ్వాసనాళంలోకి పోతుంది. ఆ గొట్టం రెండుగా చీలుతుంది. అవి మళ్ళీ రెండేసిగా చీలుతాయి. ఇలా సుమారు 23 సార్లు చీలిన తర్వాత గాలి కోట్లాది వాయుకోశాలను చేరుతుంది. ఉబ్బసం వచ్చినపుడు ఈ గొట్టాలు ముడుచుకొంటాయి. గాలి సాఫీగా పారే గొట్టంలో వ్యాసార్థం సగమైతే నిరోధం రెండింతలు కాదు, 16 రెట్లవుతుంది!

చివరనున్న సన్నని గొట్టాలు వేలకు వేలు. ఒక్కొక్కటి ఇరుకైనదే అయినా, పక్కపక్కన అన్ని దారులుండటం వల్ల అవన్నీ కలిసి గాలికి కలిగించే అడ్డు చాలా తక్కువ. అందుకే వాటిలో కొన్ని మూసుకుపోయినా మనిషికి వెంటనే తెలియదు. జబ్బు చాటుగా ముదురుతుంది.

ఊపిరితిత్తుల శక్తిని కొలవడానికి 1846లో ఇంగ్లండు వైద్యుడు జాన్ హచిన్సన్ స్పైరోమీటరును వాడి చూపాడు. ఈ పరీక్ష నేటికీ ఉంది. గుండెనిండా గాలి పీల్చి, ఉన్న బలమంతా పెట్టి ఊదాలి. మీరు ఊదగలరు. మూడేళ్ళ పిల్లవాడు ఊదగలడా? ఆయాసపడే ముసలివారి మాటేమిటి? గుర్రానికి "గట్టిగా ఊదు" అని ఎవరు చెప్పగలరు?

దీనికి దారి 1956లో దొరికింది. అమెరికాలో ఆర్థర్ డుబాయిస్, ఆయన సహచరులు మనుషుల మీద బలాత్కృత డోలనాల పద్ధతిని ప్రయోగించి చూపారు. రోగి చేయవలసిందల్లా ముక్కుకు క్లిప్పు పెట్టుకొని, నోటిలో గొట్టం ఉంచుకొని మామూలుగా ఊపిరి తీయడమే. గొట్టం రెండో కొసన లౌడ్ స్పీకర్ ఉంటుంది. అది పాట పాడదు. సెకనుకు 5 మొదలు 20, 30 సార్ల వరకు గాలిని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతుంది. మనం నిమిషానికి 15 సార్లు, అంటే 4 సెకన్లకు ఒకసారి శ్వాసిస్తాము. యంత్రం ఊపు అంతకంటె ఎంతో వేగం. కాబట్టి రెండింటినీ సులభంగా వేరుచేయవచ్చు.

ఇప్పుడు రెండు కొలతలు తీస్తారు. గొట్టంలో పీడనం ఎంత? గాలి ప్రవాహం ఎంత? ఒకే పీడనానికి ప్రవాహం తగ్గిందంటే లోపల అడ్డు పెరిగిందన్న మాట.

ఈ అడ్డులో మూడు భాగాలున్నాయి. గొట్టాల నిరోధం ఒకటి. ఊపిరితిత్తులు, ఛాతీ స్ప్రింగులాగా తిరిగి ముడుచుకోవాలని చూస్తాయి. ఈ స్థితిస్థాపకత రెండవది. గాలికీ బరువుంది, కదలడానికి మొరాయిస్తుంది. ఈ జడత్వం మూడవది. నెమ్మదిగా ఊపితే స్ప్రింగుదే పైచేయి. వేగంగా ఊపితే జడత్వానిది. నడుమ ఒక పౌనఃపున్యం వద్ద ఈ రెండూ సరిసమానమై ఒకదాన్నొకటి రద్దు చేసుకొంటాయి. అదే అనునాద పౌనఃపున్యం. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో ఇది సెకనుకు సుమారు 10 కంపనాలు. గొట్టాలు మూసుకుపోయే జబ్బుల్లో ఇది పెరుగుతుంది. చిన్నపిల్లల్లో సహజంగానే ఎక్కువ. కనుక ఎత్తును బట్టి పోల్చి చూడాలి.

జంతువులకు కూడా ఈ పద్ధతి పనికివస్తుంది. బూజుపట్టిన గడ్డి దుమ్ము పీల్చి గుర్రాలకు ఉబ్బసం వంటి జబ్బు వస్తుంది. ముఖానికి మాస్కు తగిలించి, నిలబడి ఉండగానే వాటిని పరీక్షించవచ్చు. గుర్రం ఒక్క శ్వాసలో దాదాపు 5 లీటర్ల గాలి పీలుస్తుంది. ప్రయోగశాలలోని చిట్టెలుక పీల్చేది 0.2 మిల్లీలీటరు మాత్రమే! దానికి మత్తుమందు ఇచ్చి, శ్వాసనాళంలో సన్నని గొట్టం అమర్చి, చిన్న పిస్టన్‌తో గాలిని ఊపుతారు. యంత్రాలు వేరైనా సూత్రం ఒకటే.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. ఊపిరితిత్తుల్లో మొత్తం ఎంత గాలి పడుతుందో ఇది చెప్పదు. బుగ్గలు అదిరితే లెక్క తప్పుతుంది. అందుకే పరీక్ష జరుగుతున్నంతసేపూ బుగ్గలను అరచేతులతో అదిమిపట్టాలి. స్పైరోమీటరును ఇది తోసిరాజనలేదు, దానికి తోడుగా నిలుస్తుంది.

చివరగా మీకొక ప్రశ్న. సెకనుకు 20 సార్లు ఊగే అలలు పెద్ద గొట్టాలను దాటి ఎక్కువ దూరం పోలేవు. 5 సార్లు ఊగే అలలు సన్నని గొట్టాల దాకా చొచ్చుకుపోతాయి. ఒక బాలునికి 20 వద్ద నిరోధం మామూలుగానే ఉంది. 5 వద్ద బాగా ఎక్కువగా ఉంది. గొట్టాలను విప్పే మందు పీల్చాక ఆ ఎక్కువ తగ్గిపోయింది. ఆ బాలునికి ఇబ్బంది ఎక్కడ ఉన్నట్లు? వైద్యుడు ఆలోచించినట్లే మీరూ ఆలోచించి చెప్పండి.