క్రొత్తగా కట్టిన ఇంజనులో పెట్రోలు ముంపు

మడిలో నీరు ఎక్కువై నారు మునిగినచో, తెలిసిన రైతు మూడు సంగతులు చూచును. తూము తలుపు మితిమీఱి ఎత్తిరా? తలుపు మూసియున్నను సందులనుండి నీరు కాఱుచున్నదా? వచ్చిన నీరు సరిగానే యుండి, మురుగుకాలువ పూడినందున పోవుటలేదా? ఇంజెక్టరు గల పెట్రోలు ఇంజనును ముంపు పట్టినపుడును ఈ మూడు ప్రశ్నలే వేసికొనవలెను. 2020వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన బి.యస్.-6 నిబంధన అమలులోనికి వచ్చిన పిమ్మట క్రొత్త మోటారు సైకిళ్లును చాలవఱకు ఇంజెక్టరుతోనే వచ్చుచున్నవి. కావున ఇది కార్లు గలవారికి మాత్రమే చెందిన విషయము కాదు.

నిరుడు మా సంఘపు కూరగాయల బండి ఇంజనును విప్పించి, బోరు చేయించి, క్రొత్త రింగులును బేరింగులును వేయించితిమి. బిగించిన పిమ్మట ఎంత సెల్ఫు కొట్టినను ఇంజను అందుకొనలేదు. ఎప్పుడైన అందుకొన్నను నల్లని పొగ విడిచి ఆగిపోవుచుండెను. ప్లగ్గులు విప్పగా పెట్రోలుతో తడిసియుండెను. ఈ.సి.యం. పెట్టె చెడినది, క్రొత్తది తెప్పింపుడని సలహా వచ్చినది. సభ్యుల సొమ్ము అంత వెచ్చించుటకు ముందు వరుసగా పరీక్షింప నిశ్చయించితిమి.

ఈ ఇంజనులలో కార్బురేటరు లేదు. టాంకులోని పంపు పెట్రోలును ఒత్తిడితో ఇంజెక్టరులకు పంపును. గాలి యెంత వచ్చుచున్నది, ఇంజను ఎంత వేడిగా నున్నది అను సంగతులు సెన్సారుల వలన తెలిసికొని, ఇంజెక్టరు ఎంతసేపు తెఱచియుండవలెనో ఈ.సి.యం. నిర్ణయించును. ఆ కాలము సెకనులో వేయవవంతులు కొన్ని మాత్రమే. ఇంజను చల్లగా నున్నచో పెట్రోలు ఎక్కువ పంపును.

పరీక్షకు ముందు ఆయిలు పుల్ల తీసి చూడవలెను. ఆయిలు మట్టము పెరిగి, పెట్రోలు వాసన వచ్చుచున్నచో ఇక సెల్ఫు కొట్టరాదు. పెట్రోలు కలిసిన ఆయిలు పలుచనై క్రొత్త బేరింగులను, రింగులను కొలది కాలములోనే అరుగదీయును. సిలిండరులో పెట్రోలు నిలిచియుండగా సెల్ఫు కొట్టినచో కనెక్టింగు రాడ్డు వంగవచ్చును. పని ఆరుబయట చేయవలెను. బీడీ, దీపము దరిచేరరాదు. పెట్రోలు గొట్టము విప్పుటకు ముందు దాని ఒత్తిడి తగ్గించి, బాటరీ తీగ తీసివేయవలెను.

మొదటిది మురుగుకాలువ పరీక్ష, అనగా వచ్చిన పెట్రోలు కాలుచున్నదా యని చూచుట. ప్రతి ప్లగ్గునకు నిప్పురవ్వ సరిగా వచ్చుచున్నదా, కంప్రెషను ఉన్నదా యని చూడవలెను. కట్టిన ఇంజనులో టైమింగు బెల్టు ఒక్క పన్ను తప్పినను కంప్రెషను తగ్గవచ్చును. గాలి ఒత్తిడి సెన్సారు గల బండ్లలో ఇట్టి తప్పువలన ఈ.సి.యం. మోసపోయి పెట్రోలు ఎక్కువ పంపును.

రెండవది తలుపు కాఱుట. గేజి తగిలించి తాళము త్రిప్పగా, ఒత్తిడి బండి పుస్తకములో చెప్పినంత యుండవలెను. పెక్కు బండ్లలో అది చదరపు సెంటీమీటరునకు సుమారు 3 కిలోలు. పంపు ఆగిన వెంటనే ఒత్తిడి పడిపోయినచో ఇంజెక్టరులను గొట్టముతో సహా పైకెత్తి, ఏది బొట్లు కార్చుచున్నదో చూడవలెను. ఏదియు కార్చనిచో దోషము పంపు వాల్వులో నుండవచ్చును. దానివలన ముంపు రాదు. రెగ్యులేటరునకు గాలి గొట్టము గల బండ్లలో ఆ గొట్టమున పెట్రోలు తడి కనబడినచో దాని లోపలి పొర చినిగినదని యర్థము.

మూడవది తూము మితిమీఱి ఎత్తుట. యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కిపట్టి పది సెకనులకు మించకుండ సెల్ఫు కొట్టవలెను. చాల బండ్లలో అట్లు చేసినపుడు ఈ.సి.యం. పెట్రోలు ఆపివేయును. అప్పుడు ఇంజను అందుకొన్నచో, దోషము కాఱుటలో గాక ఈ.సి.యం. ఇచ్చు ఆజ్ఞలో నున్నదని అనుమానింపవలెను. పిమ్మట సెన్సారులను మీటరుతో కొలువవలెను. నీటి వేడి తెలుపు సెన్సారునకు సాధారణముగా 20 డిగ్రీల వద్ద 2,000 నుండి 3,000 ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు ఉండును.

మా బండి మొదటి రెండు పరీక్షలలో నెగ్గినది. మూడవదానిలో యాక్సిలరేటరు త్రొక్కిపట్టగా ఇంజను అందుకొన్నది. వేసవి ఉదయమున సెన్సారును కొలువగా ఉండవలసిన దానికి సుమారు అయిదు రెట్లు చూపినది. విప్పునపుడు పాతది విరిగినందున వేఱొక రకము బండి సెన్సారును బిగించిరి. మన వేసవిలో నున్న ఈ.సి.యం.నకు మంచుదేశపు చలి వార్త అందుచుండెను. అది ఆ వార్తకు తగినట్లే పెట్రోలు పోయుచుండెను. తీగ పూర్తిగా తెగినచో హెచ్చరిక దీపము వెలిగెడిది. సెన్సారు నమ్మదగిన అబద్ధము చెప్పినందున వెలుగలేదు. తగిన సెన్సారు వేసి, ఆయిలును ఫిల్టరును మార్చగా ఇంజను మొదటి సెల్ఫునకే అందుకొన్నది. ఈ.సి.యం. ఖర్చు తప్పినది.

పొలము చూడక ఎరువు చల్లరాదని మేము చెప్పుచుందుము. ఇంజను విషయమునను అంతే. ఇంజను విప్పించు సభ్యులు ప్రతి తీగకును చీటీ కట్టించి, మార్చిన పాత భాగములను బండి నడచువఱకు తమయొద్దనే యుంచుకొనవలెనని కోరుచున్నాను.