పాత కారుకు ఏ కార్బ్యురేటరు?

ఢిల్లీకి తూర్పు సరిహద్దున, ఘజియాబాద్ జిల్లాలో ఉన్నది ఇందిరాపురం. అక్కడి ఎత్తయిన మేడల కింద బారులు తీరిన కొత్త కార్ల నడుమ, ఎక్కడో ఒక మూల, గుడ్డ కప్పుకొని ఒక అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో నిలిచి ఉండడం కద్దు. ఇంజను మరికాస్త చురుకుగా పలికితే బాగుండునని దాని యజమానికి ఎప్పుడో ఒకప్పుడు అనిపించక మానదు. వెంటనే స్ఫురించే ఉపాయం కార్బ్యురేటరు మార్చడం. కంపెనీవారు బిగించి పంపిన చిన్నదాన్ని విప్పివేసి, పందెపు కార్లకు వాడే పెద్దదాన్ని తెచ్చి బిగిస్తే బండి గుర్రంలా పరుగెత్తుతుందని చాలామంది విశ్వాసం.

ఆ విశ్వాసంలో నిజం లేకపోలేదు. కాని అది ఎంత నిజమో తెలుసుకోకుండా డబ్బు చెల్లించినవారు పెట్రోలునూ, మనశ్శాంతినీ కూడ పోగొట్టుకొంటారు. ఇందిరాపురం వంటి చోట పోగొట్టుకోగలది మరొకటి కూడ ఉన్నది. అది కారుకు రోడ్డు మీద తిరిగే హక్కు.

కార్బ్యురేటరు చేసే పని చూడడానికి సులువైనది. పిస్టను కిందికి దిగినప్పుడు ఇంజను గాలిని లోపలికి పీల్చుకొంటుంది. ఆ గాలి మధ్యలో నడుము సన్నగిలిన గొట్టం గుండా పోవలసి ఉంటుంది. దీనిని వెంచురీ అంటారు. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల వలన పక్కనున్న చిన్న తొట్టిలోని పెట్రోలు, జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి లేచి, గాలిలో తుంపరలై కలుస్తుంది. తుంపర ఎంత సన్ననైతే మంట అంత చక్కగా అంటుకొంటుంది.

ఇక్కడనే చిక్కు ఉన్నది. వెంచురీ వెడల్పు చేస్తే ఎక్కువ గాలి పోవచ్చును, నిజమే. కాని ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ వెడల్పులో గాలి మందగిస్తుంది. పీల్చే బలం చాలక పెట్రోలు తుంపరగా కాక చుక్కలుగా పడుతుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు బండి ముందుకు దూకడానికి బదులు ఒక క్షణం తటపటాయిస్తుంది. పెద్ద కార్బ్యురేటరు లాభమిచ్చేది ఇంజను పూర్తి వేగంతో తిరుగుతూ, యాక్సిలరేటరు అడుగంటా తొక్కి ఉన్నప్పుడు మాత్రమే. జాతీయ రహదారికి చేరేలోపల వాహనాల రద్దీలో మొదటి గేరుకూ రెండవ గేరుకూ మధ్య ఊగిసలాడే బండికి అటువంటి అవకాశం ఎన్నిసార్లు కలుగుతుందో యజమానియే లెక్కించుకోవాలి.

లెక్క అంటే నిజంగానే లెక్క ఉన్నది. అంబాసిడరు పెట్రోలు ఇంజను 1489 సి.సి. అంటే సుమారు లీటరున్నర. నాలుగు దశల ఇంజను గనుక రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లు నిండుతాయి. నిమిషానికి 4200 చుట్లు తిరిగితే 2100 సార్లు నిండినట్లు. సిలిండరు ఎన్నడూ పూర్తిగా నిండదు. నూటికి ఎనభై పాళ్లు నిండుతుందనుకొంటే ఆ ఇంజను నిమిషానికి పీల్చే గాలి దాదాపు 2500 లీటర్లు. పద్మినిది 1089 సి.సి. ఇంజనే గనుక దానికి ఇంకా తక్కువ చాలును. అమెరికాలో పెద్ద ఇంజన్ల కోసం తయారైన నాలుగు గొట్టాల హోలీ కార్బ్యురేటర్లలో చిన్నవాటిగా ఎంచేదాని శక్తియే నిమిషానికి సుమారు 11,000 లీటర్లు! దానిని అంబాసిడరుకు తగిలించడం పసిపాపకు తాతగారి చెప్పులు తొడగడమే.

అంబాసిడరు యజమానులకు ఊరటగానూ, హెచ్చరికగానూ చెప్పదగిన ఉదాహరణ ఒకటి చరిత్రలో ఉన్నది. బ్రిటన్‌లో 1955లో వెలువడిన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్సు కారులో ఉన్నదీ ఇదే వంశానికి చెందిన 1489 సి.సి. ఇంజనే. దానికి రెండు ఎస్.యు. కార్బ్యురేటర్లు అమర్చారు. తొలుత 68, త్వరలోనే 72 అశ్వశక్తి లభించింది. మన అంబాసిడరు ఇచ్చినది 50 ప్రాంతంలోనే. ఈ తేడా అంతా రెండు కార్బ్యురేటర్ల మహిమ అనుకొంటే పొరపాటు. స్పోర్ట్సు కారు ఇంజనులో మిశ్రమాన్ని మరింత బిగువుగా నొక్కే ఏర్పాటు ఉన్నది. క్యామ్ షాఫ్టు వేరు, పొగగొట్టం వేరు. కార్బ్యురేటరు ఆ గొలుసులో ఒక లంకె. తక్కిన లంకెలను ముట్టకుండా దానిని మాత్రమే మార్చినవారికి దక్కేది గాలి పీల్చుకొనే చప్పుడు. ఆ చప్పుడు చెవికి ఇంపుగానే ఉంటుంది, కాదనలేము.

అయినా మార్చి తీరాలనుకొనేవారి ముందు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది ఎస్.యు. ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు 1900 దశకం తొలినాళ్లలో రూపొందించిన ఈ పరికరంలో వెంచురీ స్థిరంగా ఉండదు. ఇంజను ఎంత గాలి కోరితే అంతకు తగినట్లు ఒక పిస్టను పైకి లేస్తుంది. దానికి అంటిన సన్నని సూది జెట్టులో నుంచి తొలగి, తగినంత పెట్రోలును వదులుతుంది. స్కిన్నర్ల కుటుంబం చెప్పుల వ్యాపారానికి పేరుపొందినది కావడం చేతనేమో, తొలి నమూనాలలో పిస్టను బదులు తోలుతిత్తి వాడారు! గాలి వేగం ఎల్లప్పుడూ దాదాపు ఒకే తీరుగా ఉండడం దీనిలోని సుగుణం. పైనున్న గిన్నెలో నూనె ఎండిపోకుండా చూడడం, సూదిని ఎంపిక చేయడం తెలిసిన మెకానిక్కు దొరికితే, అంబాసిడరు ఇంజనుకు ఇంతకంటె సహజమైన జోడు మరొకటి లేదు. ఇంగ్లండులోని బర్లెన్ సంస్థ వీటిని నేటికీ తయారు చేస్తున్నది.

రెండవది వెబర్. ఎడొవార్డొ వెబర్ 1923లో ఇటలీలోని బొలోన్యాలో, ఫియట్ బళ్లకు అమర్చే మార్పిడి సామగ్రిలో భాగంగా కార్బ్యురేటర్ల తయారీ ప్రారంభించాడు. రెండు గొట్టాలలో చిన్నది మొదట తెరుచుకొని, యాక్సిలరేటరు బాగా తొక్కినప్పుడే పెద్దది తోడవడమనే పద్ధతికి మార్గదర్శి అతడే. 1945లో అతడు అదృశ్యమైనాడు; అతని పేరు మాత్రం నిలిచిపోయింది. ప్రపంచమంతటా పాత కార్లకు అమర్చే 32/36 వెబర్ ఈ కోవలోనిదే. 32, 36 అనేవి రెండు గొట్టాల వ్యాసాలు, మిల్లీమీటర్లలో. ఊళ్లో చిన్నదానితో, రహదారిపై రెండింటితో నడపవచ్చును. లీటరున్నర నుంచి రెండు లీటర్ల ఇంజనుకు ఇది తగినది. పద్మినికి మాత్రం ఎక్కువే. స్పెయిన్‌లో తయారయ్యే అసలు సరుకుతో పాటు దాని పోలికలో చేసిన నకిలీలు కూడ బజారులో విరివిగా ఉన్నాయి. ఢిల్లీ కాశ్మీరీ గేటు అంగళ్లలో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, జెట్లపై అంకెలనూ, మూతలు అతికిన తీరునూ కళ్లతో చూడక కొనరాదు.

ఏది కొన్నా, కొన్నది కొన్నట్లుగా బిగించే కాలం కాదిది. కారణం పెట్రోలు. 2025 నాటికి దేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపాలన్న లక్ష్యం నెరవేరింది. శుద్ధ పెట్రోలు ఒక పాలు మండడానికి గాలి 14.7 పాళ్లు కావాలి. ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలును. అంటే పాత జెట్టు ఇచ్చే పెట్రోలు సుమారు 8 శాతం చాలదన్నమాట. చాలని పెట్రోలుతో ఇంజను వేడెక్కుతుంది, వాల్వులు మాడుతాయి. సోలెక్సు, వెబర్ జెట్లపై అంకె రంధ్రపు వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరవ వంతులుగా చెపుతుంది. 125 జెట్టు ఉన్నచోట 130 వేస్తే రంధ్రం వైశాల్యం 8 శాతం పెరుగుతుంది. ఇది ఆరంభం మాత్రమే. తరువాత స్పార్కు ప్లగ్గు తీసి చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలలేదు, మసిబారితే మించింది, లేత గోధుమవన్నె సరియైనది. ఇథనాలు పాత రబ్బరును ఉబ్బజేస్తుంది. నెలల తరబడి కదలని బండిలో తేమను పీల్చి తొట్టి అడుగున నీరుగా దింపుతుంది. కనుక రబ్బరు భాగాలు ఇథనాలుకు తట్టుకొనేవి అవునో కాదో అడిగి కొనడం, అశ్వశక్తిని గురించి అడగడం కంటె ముఖ్యం.

ఉత్తరాది వాతావరణం మరొక పరీక్ష పెడుతుంది. 5 డిగ్రీల చలిలో ఉన్న గాలితో పోలిస్తే 45 డిగ్రీల ఎండలో గాలి ఎనిమిదవ వంతు పలుచన. జనవరిలో చక్కగా కుదిరిన మిశ్రమం జూనులో చిక్కబడుతుంది. పైగా అంబాసిడరులో కార్బ్యురేటరూ, పొగ గొట్టమూ ఇంజనుకు ఒకే వైపున ఉంటాయి. ఆగిన బండిలో ఆ వేడికి తొట్టిలోని పెట్రోలు మరిగి, మళ్లీ స్టార్టు కాక మొరాయిస్తుంది. కార్బ్యురేటరు కింద వేడిని ఆపే మందపాటి బేకలైటు పలక వేయడం కొద్ది ఖర్చుతో జరిగే మంచి పని.

ఇక చట్టం. రాజధాని ప్రాంతంలో 2000 ఏప్రిల్ 1 నుంచి యూరో-2 ప్రమాణాల కార్లే రిజిస్టరు కావాలని సుప్రీంకోర్టు 1999లో ఆదేశించింది. దానితో కార్బ్యురేటరు కార్ల యుగం అక్కడ దాదాపు ముగిసింది. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు ఆ ప్రాంతంలో తిరగరాదని అదే న్యాయస్థానం 2018 అక్టోబరు 29న చెప్పింది. 2025 ఆగస్టులో యజమానులపై కఠినచర్యలు వద్దన్నా, డిసెంబరులో ఆ రక్షణను భారత్ స్టేజి-4, ఆపై వాహనాలకే పరిమితం చేసింది. కార్బ్యురేటరు కారు ఒక్కటీ ఆ గీత లోపల లేదు. ఆంధ్రలోనో, తెలంగాణలోనో ఉన్న బండికి ఈ చిక్కు లేదు; అక్కడ ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవచ్చును.

యాభై ఏళ్లు నిండిన కారుకు కేంద్రప్రభుత్వం 2021 జూలైలో ప్రకటించిన వింటేజి నిబంధనల కింద ప్రత్యేక రిజిస్ట్రేషను లభిస్తుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు దానిని బయటికి తీయవచ్చును. అయితే ఒక షరతు: బండి మొదటి రూపంలోనే ఉండాలి, చాసీలోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని చెప్పుకోదగిన మార్పు జరిగి ఉండరాదు. కార్బ్యురేటరు మార్పు అట్టిదేనని తనిఖీ చేసే అధికారి భావిస్తే వాదించి నెగ్గడం కష్టం. 1974 నాటి పద్మినిలో రెండు గొట్టాల వెబర్ మెరుస్తూ ఉంటే, ఆ మెరుపే ఎదురుసాక్ష్యం కావచ్చును.

కాబట్టి కొనేముందు చేయవలసిన పని పాత కార్బ్యురేటరును నిందించడం మానడం. దాని సీతాకోకచిలుక రెక్క తిరిగే ఇరుసు అరిగిపోతే పక్కనుంచి గాలి దూరి ఇంజను నిలకడ తప్పుతుంది. ఇరుసుకు కొత్త బుష్షులు వేయించి, తొట్టిలోని సూదీ జెట్లూ మార్చి, పాయింట్ల ఎడమూ టైమింగూ సరిచేస్తే, పోయిందనుకొన్న చురుకుదనంలో చాలా భాగం తిరిగి వస్తుంది. ఒకవేళ సిలిండర్ల బిగువే సడలి ఉంటే ఏ వెబర్ కూడ రక్షించలేదు. ఇంతా చేసి కొత్తదే బిగించినవారు పెట్రోలు పంపు ఒత్తిడిని తప్పక కొలిపించాలి. వెబర్ మూడు పౌండ్లకు మించితే పొంగుతుంది. వేడి పొగగొట్టంపై పెట్రోలు పొంగడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. విప్పిన పాత కార్బ్యురేటరును శుభ్రపరచి, నూనె గుడ్డలో చుట్టి, దాని బోల్టులతో సహా డిక్కీలో ఒక పెట్టెలో భద్రపరచాలి. వింటేజి తనిఖీకి పోయే ముందురోజు మెకానిక్కు మొదట వెతికేది ఆ పెట్టెనే.