గద్ద వాలిన అద్దం

గుండ్రటి బంగారు చట్రం, దాని లోపలి అంచున చిన్న చిన్న గుండ్ల వరస, నడినెత్తిన రెక్కలు చాచిన గద్ద, మధ్యలో ఉబ్బెత్తు అద్దం. 1800–1820 మధ్య అమెరికాలో, ఇంగ్లండులో కలిగినవారి ఇళ్లలో ఈ అద్దానికి మంచి గిరాకీ ఉండేది.

ఉబ్బెత్తుగా ఎందుకు? మోటారుసైకిలు అద్దం లాంటిదే ఇదీ. కుంభాకార దర్పణం అంటే ముందుకు ఉబికిన అద్దం. 165 సెం.మీ. మనిషి మామూలు అద్దంలో నిలువెల్లా కనిపించాలంటే కనీసం 82.5 సెం.మీ. పొడవు కావాలి. అదే, మీటరు వ్యాసార్ధమున్న గోళం నుంచి కోసిన ముక్కలాంటి అద్దానికి రెండు మీటర్ల ఎడంలో నిలబడితే 28 సెం.మీ. చాలు. బొమ్మ మాత్రం అయిదో వంతుకు, 33 సెం.మీ.కు తగ్గుతుంది. గదంతా అందులో ఇమిడిపోతుంది.

ఇక గద్ద. 1782 జూన్ 20న అమెరికా ఆమోదించిన అధికార ముద్రలో గద్దే ప్రధానం. ఒక కాలిలో ఆలివ్ కొమ్మ, రెండో కాలిలో 13 బాణాలు, రొమ్ముపై డాలు మీద 13 చారలు, తలపైన 13 చుక్కలు. బ్రిటన్ నుంచి విడిపోయిన రాష్ట్రాలు పదమూడు మరి. కొత్త దేశపు పౌరుడు ఆ గద్దను తన గోడ మీద చూసుకుని పొంగిపోవడంలో వింత లేదు.

అయితే చట్రంపై గుండ్లూ ఆ 13 రాష్ట్రాలేనా? పాత సామాన్ల వ్యాపారులు తరచూ అలాగే చెబుతారు. లెక్కేసి చూద్దాం. 60 సెం.మీ. అడ్డకొలత ఉన్న వలయం చుట్టుకొలత 188 సెం.మీ. పదమూడే పెడితే రెండు బెత్తెల దూరానికి ఒకటి; పలచగా, బోసిగా ఉంటుంది. బెత్తెడుకొకటి చొప్పున పెడితే పాతిక పడతాయి. చాలా చట్రాలపై 13 కంటే ఎక్కువే కనిపిస్తాయి. పైగా 1803కే రాష్ట్రాలు 17 అయ్యాయి. కాబట్టి గుండ్లను బట్టి అద్దం వయసు కట్టలేం. సరిగ్గా 13 ఉన్నా అది సూచనే, రుజువు కాదు.

గద్ద ఉంటే అమెరికా పనేనా? అదీ కాదు. గద్ద రోమన్ దేవుడు జూపిటర్ పక్షి. అప్పట్లో రోమన్ అలంకారాల మోజు యూరప్ అంతటా ఉంది. లండన్‌లో చేసినవాటి మీదా గద్దలున్నాయి. అవి ఓడలెక్కి అమెరికాకూ వెళ్లాయి.

అందుకే కొనేవాళ్లు ముందు అద్దాన్ని వెనక్కి తిప్పి చూడాలి. ఉత్తర అమెరికా తెల్ల పైన్ కలపైతే అక్కడి పని అయ్యే అవకాశం పెరుగుతుంది. ఆ కలప బ్రిటన్‌కూ ఎగుమతి అయ్యేది గనుక అదొక్కటే చాలదు. గాజు వెనక పూత కూడా చూడాలి. ఆ రోజుల్లో వాడింది పాదరసం కలిపిన తగరం. గాజుకు వెండి పూత పూసే రసాయన పద్ధతి జర్మనీలో 1835లో వచ్చింది. వెండి పూత కనిపిస్తే, కనీసం ఆ పూతైనా తర్వాత వేసినదే.